ఆకు లేని ముప్పై ఏడు చెట్లు

సెప్టెంబర్ 3, బుధవారం

"చెట్లు నిద్రపోతాయా?" అని అడిగాడు సీ లహ్లూ. నవ్వుతూ అడిగాడు. అదే నా ఒళ్ళు మండించింది.

కాసాబ్లాంకా నుంచి దిగిన మా సైట్ డైరెక్టర్ ఈయన, పేరుకు ముందు మర్యాదగా 'సీ' అనాలి. రెండు వందల నలభై ఇళ్ళు కట్టిస్తున్నాడు. చెట్టంటే హోటల్ గుమ్మం ముందు తొట్టిలో ఉండేదే అనుకునే మనిషి.

పోతాయి సార్, అన్నాను. మూడేళ్ళు వాన లేకపోతే అర్గాన్ చెట్టు ఆకంతా రాల్చేసి కూర్చుంటుంది. చూడ్డానికి చచ్చినట్టే ఉంటుంది. చావదు. మంచి వాన ఒక్కటి పడితే పది రోజుల్లో మళ్ళీ ఆకు వేస్తుంది. మా ఊళ్ళో ముక్కు తుడుచుకోవడం రాని పిల్లకి కూడా తెలుసు ఈ సంగతి.

"అలాగా. అయితే ఈ ఫారంలో నిద్ర అని గడి ఎక్కడైనా ఉందేమో చూడు, లల్లా తూదా."

'లల్లా' అని మర్యాద ఒకటి! గడులు రెండే. బతికినవి, చచ్చినవి. నగరపాలిక ఇచ్చిన పర్మిషన్‌లో పదకొండో షరతు ఇదే. బతికున్న అర్గాన్ ఉన్నచోటే ఉండాలి, రోడ్డయినా గోడయినా దాన్ని తప్పుకుని పోవాలి. చచ్చినదాన్ని తీసేసి బదులుగా ఏ జాతివైనా రెండు మొక్కలు నాటితే సరిపోతుంది. ముప్పై ఏడు చెట్లు సరిగ్గా పెద్ద గేటు, రోడ్డు, ఈతకొలను రావలసిన చోట నిలబడ్డాయి. వాటి జాగాలో నాటడానికి తాటిచెట్ల లాంటి అలంకారం చెట్లు స్పెయిన్‌లో ఎప్పుడో ఆర్డర్ చేసేశారు. చెట్ల సర్వే ఇంకా కాకముందే!

కాలనీ పేరు 'అర్గాన్ వనం'. బోర్డు మీద వేసింది మాత్రం ఆలివ్ కొమ్మ. అదైనా చెప్పనివ్వరు.

సెప్టెంబర్ 4

ఫారం రాయలేదు. రాయను.

సెప్టెంబర్ 6, శనివారం

ఫారం ఇచ్చేశాను. కనిపించింది రాశాను. ఆకు లేదు. ఆకు లేని చెట్టుకు గడి ఒక్కటే ఇస్తే నేనేం చెయ్యను?

అయినా చివరి మాట నాదా? మొక్కల సూపర్‌వైజర్‌ని నేను, నాలుగేళ్ళుగా టెంపరరీ ఉద్యోగిని. చివరి మాట అటవీ శాఖది. వాళ్ళ ఆఫీసరు వస్తాడు, గోరుతో బెరడు గీకుతాడు, కింద పచ్చగా కనపడుతుంది. నా కాగితం చింపి లహ్లూ మొహాన కొడతాడు. కొట్టాలి కూడా.

సెప్టెంబర్ 8, సోమవారం

పర్మనెంట్ చేస్తూ ఉత్తరం వచ్చింది. జూన్‌లోనే అన్నారు ఈ మాట. ఫారంకీ దీనికీ సంబంధం లేదు.

సెప్టెంబర్ 12, శుక్రవారం

అమ్మ దగ్గరికి, మా ఇమ్మా దగ్గరికి, కుస్‌కుస్ తినడానికి వెళ్ళాను. ఉప్పు ఎక్కువైందని దెబ్బలాడాను. ఎక్కువ కాలేదు.

"ఏమే, మన ఆరూ ఎలా ఉన్నాయే?" అని అడిగింది. ముప్పై ఏడులో ఆరు చెట్ల కాయ మా అమ్మమ్మ నాటినుంచీ మా ఇంటిది. నేల ఇప్పుడు కంపెనీది, చెట్టు ప్రభుత్వానిది, కాయ ఊరి ఆడవాళ్ళది. ఈ మూడు ముక్కలూ కలిపి చదివే నాథుడు ఒక్కడూ లేడు.

"ఎలా ఉంటాయి? ఆకు లేదు."

"ఈ కరువులో ఆకెలా ఉంటుందిలే. పడుకోనీ పాపం. పక్కింటి ఫాద్మా తెగ కంగారు పడుతోంది, ఆ కట్టేవాళ్ళు ముట్టుకుంటారేమోనని. నా కూతురు లోపలుండగా ఎవడు ముట్టుకుంటాడే పిచ్చిదానా అన్నాను. ఏమే, తినవేం? చల్లారిపోతోంది."

"వెళ్ళి చూసుకోవచ్చుగా మీరే!" అని అరిచాను.

"మూసి ఉంటే ఎలా వెళ్తామే? మతి ఉండే మాట్లాడుతున్నావా?"

మూసి ఉంది. నిజమే. మే నెలలో అగ్దాల్, అంటే కాయ పండేదాకా ఊరు మూసి ఉంచే ఈ చెట్ల మేర, మూశారు, దారికి అడ్డంగా ముళ్ళకొమ్మ వేశారు. పెద్దలు తెరిచేదాకా ఏ ఆడదీ అడుగు పెట్టకూడదు, పెడితే ఊరందరికీ వండి పెట్టాలి. మామూలుగా ఆగస్టులో తెరుస్తారు, ఒకే పొద్దున అందరూ బుట్టలతో దిగుతారు. ఈ ఏడు కాయే లేదు, తెరవనే లేదు. కాపలా బిహీ తాత కర్ర పట్టుకుని ఇంకా ఆ దారి మలుపులోనే కూర్చుని ఉన్నాడు. మనిషినీ మేకనూ పోనివ్వడు. కంపెనీ లారీలకేమో అవతలి వైపు గేటుంది.

అంటే ఊరు నాలుగు నెలలుగా తన చెట్లను తన నుంచే కాపాడుకుంటోంది. ఇంతకన్నా బుద్ధితక్కువ మనుషులు ఈ సూస్ సీమ మొత్తంలో ఉన్నారా?

సెప్టెంబర్ 18, గురువారం

అటవీ ఆఫీసరు వచ్చాడు. సీ బూజెమా. మా పక్క లోయవాడు. వాళ్ళ అమ్మ కూడా అర్గాన్ కాయలు కొట్టే ఇతని చదువు ఫీజు కట్టింది, ఆ నూనె తినే పెరిగాడు. చూడగానే నా ప్రాణం లేచి వచ్చింది.

కారులోంచి దిగలేదు.

అద్దం దించి, నా ఫారం తీసి, కింద పేరు చూశాడు. "ఓహో, తూదా! నువ్వేనా ఇక్కడ? మీ ఇమ్మా బాగుందా?" అన్నాడు. బాగుందన్నాను. "ముప్పై ఏడూ పోయాయా? అయ్యో. ఏం కరువమ్మా ఇది, కొండమీద మావీ పోయేలా ఉన్నాయి."

"దిగి చూస్తారా?" అన్నాను. అన్నాను! నేను ఆ మాట అన్నాను.

"నువ్వు ఈ మట్టిలో పుట్టిన పిల్లవి. నువ్వు రాశాక మళ్ళీ నేను గీకి చూడ్డమేంటి, నిన్ను అవమానించినట్టు కాదూ? ఆ రబాత్ వాళ్ళు రాస్తే గీకుతాను. ఎండ మండిపోతోంది, కొంచెం టీ ఉంటే చెప్పు."

స్టీరింగ్ మీద పెట్టి స్టాంపు గుద్దాడు. నేను టీ తెచ్చాను. అడవి తులసి వేసి తెచ్చాను, రెండు గ్లాసులు తాగాడు.

కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి?

సెప్టెంబర్ 19

దిగలేదు. ఇరవై అడుగులు కూడా లేదు. దిగలేదు వెధవ.

సెప్టెంబర్ 23, మంగళవారం

చెట్లకు ఎర్రరంగుతో నంబర్లు వేశారు. ఇమ్మా చెట్లు 4 నుంచి 9 దాకా.

పొద్దున్నే లహ్లూ దగ్గరికి వెళ్ళాను. బయటికి రండి సార్ అని లాక్కొచ్చినంత పని చేశాను. నాలుగో చెట్టు దగ్గర జేబులోంచి చాకు తీసి బెరడు గీకాను. ఆకుపచ్చ. తడి. "చూడండి. ఇది చచ్చిందా? మీ కళ్ళతో చూసి చెప్పండి!"

చూశాడు. చాలాసేపు చూశాడు, అది ఒప్పుకోవాలి. తర్వాత రుమాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావ్ లల్లా తూదా? చచ్చిందని రాసింది నేనా? నీ సంతకం, నీ ఊరు, నీ చెట్టు. నేను బయటివాణ్ణి, నువ్వు చెప్పింది నమ్మాను. ఇవాళ బతికుందంటే నువ్వు తప్పుడు సర్టిఫికెట్ ఇచ్చినట్టు. దానికి జైలుంది. వెళ్ళి చెప్పు, నేను ఆపను."

"మీరు రాయమన్నారు."

"చూసింది రాయమన్నాను."

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ నున్నటి గొంతు, ఆ ఇస్త్రీ చొక్కా! ఆ చాకు అక్కడే విసిరి కొట్టాను. రాయికి తగిలి మొన విరిగింది.

అంతే చేశాను.

సెప్టెంబర్ 28, ఆదివారం

చెప్పేద్దామనే వెళ్ళాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. ఇమ్మా వాకిట్లో కూర్చుని పోయినేటి కాయలు రాయి మీద పగలగొడుతోంది. అవే చివరివి, బుట్టలో అడుగున ఉన్నాయి. పప్పు తీసి చేతిలో పెట్టింది, తిను తిను అంటూ.

"పర్మనెంట్ అయిందటగా! ఫాద్మా కోడలు చెప్పింది. కన్నతల్లికి చెప్పకుండా ఊరందరికీ చెప్తావేం? ఇలారా, ముద్దు పెట్టనీ."

పెట్టించుకున్నాను. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని కూర్చున్నాను. సంతోషంగా ఉన్న మనిషితో ఎలా చెప్పను? ఆమె మీద కూడా కోపం వచ్చింది, కాస్తయినా అనుమానించదేం అని. నన్ను ఇలా గుడ్డిగా నమ్మమని ఎవరు చెప్పారు?

సెప్టెంబర్ 30

రేపు ఏడింటికి మొదలు. ఔలూజ్ నుంచి రంపం మనుషులు ముగ్గురు వచ్చారు.

అక్టోబర్ 1, బుధవారం

మొదటి చెట్టు సగం కోశాక పెద్ద రంపం మనిషి మిషన్ ఆపేశాడు. కోతలో వేలు పెట్టి, వాసన చూసి నా దగ్గరికి వచ్చాడు. గడ్డమంతా పొట్టు.

"లల్లా, తడిగా ఉంది. ఇది బతికుంది."

"కాగితంలో చచ్చిందని ఉంది."

"కాగితం సంగతి నాకు తెలీదమ్మా, నాకు చదువు రాదు. చెట్టు సంగతి తెలుసు. నువ్వు ఇక్కడి దానివేగా? నువ్వు చెప్పు."

నన్నే చూస్తూ నిలబడ్డాడు. మిగతా ఇద్దరూ చూస్తున్నారు. లహ్లూ కంటైనర్ ఆఫీసు కిటికీలోంచి చూస్తున్నాడు. ఆగమంటే ఆగేవాడు. మిషన్ అప్పటికే ఆగి ఉంది.

కొయ్యి అన్నాను.

ఏడు కోశారు.

అక్టోబర్ 2

కొయ్యి అన్నాను. లహ్లూ అనలేదు, బూజెమా అనలేదు. నేను అన్నాను.

ఇవాళ ఇంకో ఏడు. 4 నుంచి 9 నిన్నటితో సగం అయ్యాయి, ఇవాళ పూర్తయ్యాయి.

అక్టోబర్ 3, శుక్రవారం

నిన్న సాయంత్రం బుద్ధి గడ్డి తిని ఊరి దారిన బయటికి వచ్చాను. మామూలుగా కంపెనీ గేటు నుంచే పోతాను కదా, నిన్న ఎందుకు అటు నడిచానో తెలియదు. మలుపులో బిహీ తాత కూర్చుని ఉన్నాడు. ముళ్ళకొమ్మ వెనక, కర్ర మోకాళ్ళ మీద. నన్ను చూసి పళ్ళు లేని నోటితో నవ్వాడు.

"వచ్చావా తల్లీ. రెండ్రోజుల్నించి ఆ రంపం మోత ఏంటమ్మా? ఆడవాళ్ళు ఒకటే గోల, లోపలికి పోయి చూస్తామని. ఇద్దరు కొమ్మ దాకా వచ్చేశారు, మీ ఇమ్మా కూడా. కర్ర ఊపి తరిమేశాను. మూసుంది, ఎవరైనా సరే కదిలేది లేదు, అయినా మన తూదా లోపలే ఉందిగా, అది చూసుకోదూ అన్నాను. దాంతో మీ ఇమ్మానే అందర్నీ వెనక్కి తీసుకుపోయింది."

ఈయన వాళ్ళను ఆపాడు. నా పేరు చెప్పి ఆపాడు.

"తాతా, అవి మనవే," అన్నాను.

"ఏవి?"

"కోస్తున్నవి. పద్నాలుగు అయ్యాయి. చచ్చాయని రాసింది నేనే. నిద్రపోతున్నాయని తెలిసే రాశాను. నిన్న ఆ మనిషి మిషన్ ఆపి అడిగితే కొయ్యమంది కూడా నేనే. ఉద్యోగం కోసం."

ఉద్యోగం కోసం అని నా నోటితో వచ్చింది. ఇన్నాళ్ళూ ఈ పుస్తకంలో సంబంధం లేదు, సంబంధం లేదు అని రాసుకున్నాను. ఎవరు చదువుతారని రాశాను ఆ అబద్ధం? గురివింద గింజ కూడా నాకంటే నయం.

కర్ర ఎత్తాడు. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. ఆ కర్రతో దారికి అడ్డంగా ఉన్న ముళ్ళకొమ్మను గుచ్చి ఎత్తి పక్కకు పారేశాడు. ఏ పెద్దనూ అడగలేదు. తర్వాత ఊరివైపు తిరిగి ఆ వయసులో ఎంత గొంతుందో అంతా పెట్టి అరిచాడు: "తెరిచాను! అగ్దాల్ తెరిచాను, రండి!"

కాయ లేని ఏడాది, అక్టోబర్‌లో తెరిచారు. ఆడవాళ్ళు చేతుల్లో పిండి చేతుల్లోనే ఉండగా పరిగెత్తుకొచ్చారు. ఎవరి దగ్గరా బుట్ట లేదు. వచ్చినవాళ్ళకల్లా తాత నేను చెప్పింది చెప్పాడు. ఫాద్మా నన్ను దాటి పోతూ "ఎన్ని?" అని మాత్రం అడిగింది. ఇమ్మా నన్ను చూడలేదు. నేరుగా వెళ్ళి నాలుగో మొద్దు మీద అరచెయ్యి పెట్టింది, అయిదో దాని మీద పెట్టింది, అలా తొమ్మిది దాకా వెళ్ళింది. ఏడవలేదు. ఏడిస్తే నేను దగ్గరికి వెళ్ళేదాన్నేమో.

ఇవాళ పొద్దున ఆడవాళ్ళు మిగిలిన ఇరవై మూడు చెట్ల కింద ఒక్కొక్కరు కూర్చున్నారు. రంపం మనుషులు మిషన్లు కింద పెట్టేసి వాళ్ళిచ్చిన బార్లీ రొట్టె తింటున్నారు. లహ్లూ పోలీసులకు ఫోన్ చేస్తున్నాడు. నేను అగాదిర్ వెళ్ళి అటవీ శాఖ పెద్ద ఆఫీసులో కాగితం అడిగి రాసిచ్చాను. బతికున్న చెట్లను చచ్చాయని తెలిసి రాశాను, పేరు, సంతకం. గుమాస్తా రెండుసార్లు చదివాడు. "ఇది ఇస్తే నీకే నష్టం, తెలుసా?" అన్నాడు. తెలుసు, స్టాంపు వెయ్యి అన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. పట్టుకుందామన్నా ఆకు లేదు.

అక్టోబర్ 6

ఉద్యోగం తీసేశారు. కేసు పెడతారట. పెట్టనీ.

అక్టోబర్ 10, శుక్రవారం

ఇమ్మా తలుపు తీయలేదు. లోపల కుస్‌కుస్ ఉడుకుతున్న వాసన వస్తోంది.

అక్టోబర్ 17, శుక్రవారం

తీయలేదు.

అక్టోబర్ 27, సోమవారం

అటవీ శాఖ పెద్ద ఆఫీసు నుంచి ఆర్డర్ వచ్చింది. ఇరవై మూడు చెట్లూ కదలకూడదు, రోడ్డు వంపు తిప్పాలి, ఈతకొలను ఇంకోచోట తవ్వుకోవాలి. పద్నాలుగు మొద్దులు పెకలించకూడదు, మొద్దు నుంచి చిగురు వస్తే అది కూడా బతికున్న చెట్టు కిందే లెక్క. లహ్లూని తాంజియర్ సైట్‌కి మార్చారట. అక్కడి చెట్ల ఖర్మ. బూజెమాకు సంజాయిషీ నోటీసు. నాకు కోర్టు తేదీ.

ఫాద్మాతో కబురు పంపాను ఇమ్మాకు, ఇరవై మూడు మిగిలాయని. ఫాద్మా జవాబు పట్టుకొచ్చింది: "పద్నాలుగు పోయాయి అని చెప్పింది."

కోపం వచ్చింది నాకు. ఒక్క మంచి మాట అంటే ఏం పోయింది? నేను చెప్పకపోతే ముప్పై ఏడూ పోయేవి కాదా? ఇది రాస్తూనే సిగ్గేస్తోంది. అయినా కోపం పోవడం లేదు.

నవంబర్ 12, బుధవారం

వాన. రెండు రోజులుగా ఆగకుండా. నేనుండే ఇనెజ్గాన్‌లో వీధి వీధంతా మునిగింది, జనం నవ్వుకుంటూ నీళ్ళలో నడుస్తున్నారు. నేను కిటికీ మూసేశాను.

నవంబర్ 22

ఆకు వేశాయట, ఇరవై మూడూ. ఊరంతా చూడ్డానికి వెళ్ళింది. నేను వెళ్ళలేదు.

నవంబర్ 25, మంగళవారం

బిహీ తాత బస్సెక్కి నా గదికి వచ్చాడు, ఎనభై ఏళ్ళ మనిషి. టీ ఇస్తే తాగలేదు, నిలబడే మాట్లాడాడు.

"పద్నాలుగిట్లో పదకొండు మొద్దులు చిగురేశాయి. ఇంతింత. మేక ఒక్కసారి మూతి పెడితే అయిపోతాయి. మేకకందని ఎత్తుకి ఎదగాలంటే ఎనిమిదేళ్ళు, పదేళ్ళు. ఊరు కూర్చుని మాట్లాడింది. అన్నం పెట్టించే తప్పు కాదు ఇది, వండిస్తే ఎవరూ తినరు కూడా. కాపలా నీది."

"నాదా? ఎన్నాళ్ళు?"

"ఇప్పుడేగా చెప్పాను."

"పదేళ్ళా! నా బతుకు తెల్లారినట్టే! కోర్టుంది, జైలుందేమో కూడా. తిండెలా తినను?"

"జైలుకి పోతే వచ్చాక కూర్చో. తిండి ఊరు పెడుతుంది, నాకు పెట్టినట్టే. మీ ఇమ్మా కూడా ఆ మాటే అంది."

"ఏమంది? నా పేరెత్తిందా?"

"పేరెత్తలేదు. 'దాన్నే కూర్చోబెట్టండి' అంది."

నవంబర్ 29, శనివారం

మొదటి రోజు. ఏడింటికల్లా వెళ్ళాను. కూర్చోవడానికి రాయి తప్ప ఏమీ లేదు, నడుము పడిపోయింది. చిగుళ్ళు చిటికెన వేలంత ఉన్నాయి, ముళ్ళు ఇంకా మెత్తగానే ఉన్నాయి. ఆరో నంబరు మొద్దుకు తొమ్మిది, ఏడో దానికి నాలుగు. ఎనిమిదో దానికి ఏమీ లేదు. దానివైపు వీపు పెట్టి కూర్చున్నాను.

తొమ్మిదింటికి మొదటి మేక వచ్చింది. చెవి తెగిన నల్ల మేక, ఎక్కడున్నా గుర్తుపడతాను, మా ఇమ్మాదే. వెనకాలే ఇమ్మా, ముప్పై అడుగుల దూరంలో, దారి అంచున ఆగిపోయింది. మేకను పిలవలేదు. నన్ను చూస్తోంది. అరవై రెండు రోజుల తర్వాత చూస్తోంది.

మేక ఏడో మొద్దు మీదికి మెడ చాచింది. రాయి తీసి వేశాను. దానికి తగలకుండా పక్కగా, భయపెట్టడానికి వేశాను. మా మేకే కదా, మా ఇమ్మా చూస్తోంది కదా. అది చెవి కూడా ఆడించలేదు. మూతి ఇంకా ముందుకు చాచింది.

"అలా కాదే," అంది ఇమ్మా, "గట్టిగా వెయ్యి."